హెచ్-1బీ స్పాన్సర్ కోసం మూడు ప్రభుత్వ డేటాబేస్‌లు: ఏది ఎంతవరకు పనికొస్తుంది

అమెరికాలో మాస్టర్స్ చివరి సెమిస్టర్‌కి వచ్చేసరికి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ప్రశ్న ఒకటే: "ఈ కంపెనీ హెచ్-1బీ చేస్తుందా?" అంటే అమెరికాలో ఉద్యోగం చెయ్యడానికి కావలసిన ఆ వీసాను స్పాన్సర్ చేస్తుందా అని. దానికి వచ్చే జవాబులు రెండు రకాలు. "మా సీనియర్‌కి చేశారంట" అని ఒకరు. "మాకు తెలిసిన కన్సల్టెన్సీ ఉంది, నంబరు పంపిస్తా" అని ఇంకొకరు. ఈ రెండింటికన్నా గట్టి జవాబు అమెరికా ప్రభుత్వం దగ్గరే ఉంది. పైసా కట్టక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు. వలస దరఖాస్తులు చూసే యూఎస్‌సీఐఎస్ వారి హెచ్-1బీ ఎంప్లాయర్ డేటా హబ్, కార్మిక శాఖ విడుదల చేసే ఎల్‌సీఏ (లేబర్ కండిషన్ అప్లికేషన్) ఫైళ్లు, ఉద్యోగికి పని అనుమతి ఉందో లేదో కంపెనీలు సరిచూసుకునే ఈ-వెరిఫై వ్యవస్థలోని ఎంప్లాయర్ సెర్చ్. ఈ మూడింటినీ ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం పని చెయ్యడానికి విద్యార్థికిచ్చే అనుమతి) మీద ఉద్యోగం వెతుక్కునే గ్రాడ్యుయేట్ కళ్లతో పరిశీలించి రాసిన రివ్యూ ఇది.

ముందుగా గడియారం సంగతి. మామూలు ఓపీటీ 12 నెలలు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) డిగ్రీ అయితే ఇంకో 24 నెలలు. వేసవిలో ఓపీటీ మొదలైన స్టెమ్ విద్యార్థికి హెచ్-1బీ లాటరీకి (కోటా పరిమితం కాబట్టి ఏటా మార్చిలో కంపెనీలు రిజిస్టర్ చేసిన పేర్లలోంచి జరిగే ఎంపిక) దొరికేవి మూడు మార్చి నెలలు, స్టెమ్ కాని వారికి ఒక్క మార్చి. మొదటి 12 నెలల్లో మొత్తం 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. స్టెమ్ పొడిగింపు వస్తే ఇంకో 60 కలిసి మొత్తం 150. ఈ రోజులు ఓపీటీ కార్డు మీద రాసిన మొదలు తేదీ నుంచే కరిగిపోతుంటాయి. అందుకే స్పాన్సర్ చెయ్యని కంపెనీ వెనక నాలుగు రౌండ్ల ఇంటర్వ్యూలు తిరగడం ఖరీదైన తప్పు. ఈ సాధనాలు ఆదా చేసేది ఆ రోజుల్నే.

డేటా హబ్: పది నిమిషాల పని, సగం జవాబు

యూఎస్‌సీఐఎస్ సైటులో ఉండే ఈ హబ్‌లో 2009 ఆర్థిక సంవత్సరం నుంచి వివరాలు ఉన్నాయి. కంపెనీ పేరు కొడితే ఆ ఏడాది ఎన్ని పిటిషన్లు (హెచ్-1బీ కోసం కంపెనీ పెట్టే దరఖాస్తులు) ఆమోదించారో, ఎన్ని తిరస్కరించారో చూపిస్తుంది. రాష్ట్రం, నగరం, జిప్ కోడ్, పరిశ్రమ కోడ్ ప్రకారం కూడా వడపోసుకోవచ్చు. ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది. కెరీర్ ఫెయిర్‌కి వెళ్లే ముందు రోజు రాత్రి ముప్పై కంపెనీల పేర్లు చకచకా చూసుకోవడానికి ఇంతకన్నా తేలికైనది లేదు.

మొత్తం సంఖ్య చూసి సంబరపడకండి. అందులో పాత ఉద్యోగుల పొడిగింపులు, వేరే కంపెనీ నుంచి మారి వచ్చినవాళ్లు కూడా కలిసి ఉంటారు. ఓపీటీ మీద ఉన్నవారు చూడాల్సింది కొత్త ఉద్యోగం కింద వచ్చిన ఆమోదాలు. పాత సంవత్సరాల్లో దీన్నే 'ఇనీషియల్' అని చూపించారు. మొత్తం 60 ఆమోదాలుండి కొత్తవి రెండే ఉంటే, ఆ కంపెనీ హెచ్-1బీ ఉన్నవారిని తీసుకుంటుందే గానీ ఫ్రెషర్లను లాటరీలో పెట్టడం దాదాపు లేదని అర్థం.

తప్పుదారి పట్టించే చోట్లు కొన్ని ఉన్నాయి. హబ్‌లో కనిపించే ఊరు పిటిషన్ వేసిన ఆఫీసు చిరునామా, మీరు పని చేసే చోటు కాదు. కంపెనీ పేరు బోర్డు మీద ఉన్నట్టు కాక, పిటిషన్‌లో రాసినట్టు ఉంటుంది. అమెజాన్ అనే ఒక్క పేరు కిందే అమెజాన్ డాట్ కామ్ సర్వీసెస్, అమెజాన్ వెబ్ సర్వీసెస్ అని వేరువేరు సంస్థలు కనిపిస్తాయి. చిన్న కంపెనీల విషయంలో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. అన్నిటికన్నా ముఖ్యం, లాటరీలో పోయిన రిజిస్ట్రేషన్లు ఇందులోకి రావు. పది మందిని పెట్టి ఒక్కరూ ఎంపిక కాని కంపెనీ, అసలు ఎవర్నీ పెట్టని కంపెనీ, రెండూ ఇక్కడ సున్నాగానే ఉంటాయి. అందుకని ఒక్క ఏడాది చూసి కొట్టిపారెయ్యకుండా కనీసం మూడేళ్లు చూడాలి. ఐదుకి మూడున్నర మార్కులు.

ఎల్‌సీఏ ఫైలు: కష్టపడితే అసలు విషయం చెప్పేది ఇదే

హెచ్-1బీ పిటిషన్ వెయ్యాలంటే ముందు కంపెనీ కార్మిక శాఖ దగ్గర ఎల్‌సీఏ సర్టిఫై చేయించుకోవాలి. ఏ ఉద్యోగం, ఏ ఊళ్లో, ఎంత జీతం అన్నది అందులో ఉంటుంది. ఈ వివరాలన్నీ కార్మిక శాఖ మూడు నెలలకొకసారి ఎక్సెల్ ఫైళ్లుగా, ఫారిన్ లేబర్ సర్టిఫికేషన్ ఆఫీసు వారి పెర్ఫార్మెన్స్ డేటా పేజీలో పెడుతుంది. ఉద్యోగి పేరు ఉండదు. మిగతావన్నీ ఉంటాయి. గూగుల్‌లో కనిపించే హెచ్-1బీ జీతాల సైట్లలో చాలావాటికి సరుకు ఇక్కడి నుంచే వెళ్తుంది. అక్కడ నాలుగు కాలమ్‌లే చూపిస్తారు, అసలు ఫైల్లో తొంభైకి పైగా ఉంటాయి. మనకు కావలసిన రహస్యమంతా వాళ్లు వదిలేసిన కాలమ్‌లలోనే ఉంటుంది.

ఫైలు పెద్దది, ల్యాప్‌టాప్ తప్పనిసరి. ఏది దింపుకోవాలో తెలియక చాలామంది మొదట్లోనే వదిలేస్తారు. అమెరికా ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది కాబట్టి రెండో త్రైమాసికం అంటే జనవరి నుంచి మార్చి, మూడోది ఏప్రిల్ నుంచి జూన్. లాటరీ కేసుల ఎల్‌సీఏలు ప్రధానంగా ఈ రెండింటిలోనే పడతాయి. ఆ రెండూ దింపుకుంటే చాలు.

వడపోత ఇలా చెయ్యాలి. 'వీసా క్లాస్' కాలమ్‌లో హెచ్-1బీ ఒక్కటే ఉంచండి, ఎందుకంటే ఆస్ట్రేలియా వారి ఈ-3, చిలీ, సింగపూర్ వారి హెచ్-1బీ1 కూడా ఇదే ఫైల్లో ఉంటాయి. 'కేస్ స్టేటస్'లో సర్టిఫైడ్ తీసుకోండి. 'న్యూ ఎంప్లాయ్‌మెంట్' కాలమ్‌లో ఒకటి లేదా అంతకు మించి ఉన్నవే ఉంచండి. తర్వాత 'బిగిన్ డేట్'. లాటరీలో వచ్చిన ఉద్యోగం అక్టోబరు 1 కన్నా ముందు మొదలవదు, కానీ ఎల్‌సీఏను మొదలు తేదీకి ఆరు నెలలకన్నా ముందు వెయ్యకూడదు. ఏప్రిల్ 1 కల్లా సర్టిఫికెట్ చేతిలో ఉండాలని మార్చిలోనే వేసే లాయర్లు తేదీని సెప్టెంబరుగా రాస్తారు. అందుకని ఆగస్టు చివరి నుంచి అక్టోబరు మొదటి వారం దాకా తేదీలుంచితే ఓపీటీ నుంచి హెచ్-1బీకి మారే కేసులు చాలావరకు ఒక్కచోటికి వస్తాయి. ఆపైన మీ వృత్తి కోడ్: సాఫ్ట్‌వేర్ డెవలపర్లకు 15-1252, డేటా సైంటిస్టులకు 15-2051, మెకానికల్ ఇంజనీర్లకు 17-2141. చివరగా పని చేసే రాష్ట్రం.

ఇప్పుడు మిగిలిన జాబితా మీద 'సెకండరీ ఎంటిటీ' కాలమ్ చూడండి. ఈ ఒక్క కాలమ్ కోసమైనా ఫైలు తెరవచ్చు. అక్కడ అవును అని ఉంటే ఉద్యోగి వేరే కంపెనీ దగ్గర, అంటే క్లయింట్ దగ్గర పని చేస్తాడని అర్థం. పక్క కాలమ్‌లో ఆ క్లయింట్ పేరు కూడా ఉంటుంది. ఒక కంపెనీ వరసలన్నీ అవును అనే ఉండి, పరిశ్రమ కోడ్ 541511 గానీ 541512 గానీ అయితే, వాళ్లు వెబ్‌సైటులో ఎన్ని 'ప్రొడక్టు'ల బొమ్మలు పెట్టుకున్నా అది మనుషుల్ని క్లయింట్ల దగ్గరికి పంపే సంస్థే. అది నేరం కాదు. కానీ ప్రాజెక్టు ఆగితే ఏమవుతుందో ముందే అడగాల్సిన కంపెనీ. 'హెచ్-1బీ డిపెండెంట్' కాలమ్ కూడా అలాంటిదే: ఉద్యోగులు 51 మంది గానీ అంతకు మించి గానీ ఉండి, వారిలో 15 శాతం లేదా అంతకు మించి హెచ్-1బీ వారైతే అవును అని ఉంటుంది. 25 మందిలోపు సంస్థకైతే ఎనిమిది మంది చాలు. 'విల్‌ఫుల్ వయొలేటర్' (తెలిసీ నిబంధనలు ఉల్లంఘించిన కంపెనీ) దగ్గర అవును అని కనిపిస్తే ఇక ఆలోచించక్కర్లేదు, వదిలెయ్యండి.

జీతం కాలమ్‌తో జాగ్రత్త. కొందరు ఏడాదికి, కొందరు గంటకు రాస్తారు. పక్కనున్న యూనిట్ చూడకుండా వరసలో పేర్చితే గంటకు 55 డాలర్ల ఉద్యోగం అట్టడుగున కనిపిస్తుంది. గంట జీతాన్ని 2,080తో గుణిస్తే ఏడాది జీతం వస్తుంది. 55 అంటే 1,14,400 డాలర్లు.

జీతం సంగతి ఇప్పుడు లాటరీకే ముడిపడింది. 2026 ఫిబ్రవరి 27 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం హెచ్-1బీ ఎంపిక అందరికీ సమానమైన లాటరీ కాదు. ప్రతి వృత్తికీ ప్రాంతాన్ని బట్టి కార్మిక శాఖ నాలుగు జీతపు స్థాయిలు పెడుతుంది. జీతం నాలుగో స్థాయిలో ఉంటే ఎంపికలో పేరు నాలుగుసార్లు వేస్తారు, మూడో స్థాయికి మూడుసార్లు, రెండుకి రెండుసార్లు, ఒకటో స్థాయికి ఒక్కసారి. ఫైల్లో వేజ్ లెవెల్ అనే కాలమ్ ఉంది, కానీ చాలామంది పొరబడేది ఇక్కడే. అది ఆ ఉద్యోగానికి చట్టం అడిగే కనీస జీతపు స్థాయి. ఎంపికలో లెక్కకొచ్చేది కంపెనీ నిజంగా ఇస్తానన్న జీతం ఏ స్థాయిని అందుకుంటుందన్నది. ఫైల్లో ఒకటో స్థాయి అని ఉన్నా ఇస్తున్న జీతం రెండో స్థాయి దాటి ఉండొచ్చు. సరిచూసుకోవడానికి కార్మిక శాఖ ఫ్లాగ్ సైటులో వేజ్ సెర్చ్ ఉంది. వృత్తి కోడ్, పని చేసే ప్రాంతం ఇస్తే నాలుగు స్థాయిల జీతాలూ చూపిస్తుంది. ఈ అంకెలు ఏటా జులై 1న మారతాయి. ఒకే జీతం డాలస్ దగ్గర ఒక స్థాయిలో, శాన్ హోసేలో అంతకన్నా కింది స్థాయిలో పడొచ్చు. ఆఫర్ రెండో స్థాయికి కొద్ది డాలర్ల దూరంలో ఆగిపోయిందని తేలితే హెచ్ఆర్‌తో మాట్లాడటానికి చేతిలో అంకె ఉన్నట్టే.

దీనికే ఇంకో ముడి ఉంది. ఒకే వ్యక్తికి రెండు కంపెనీలు రిజిస్ట్రేషన్ వేస్తే, రెంటిలో తక్కువ స్థాయినే లెక్కలోకి తీసుకుంటారు. అసలు కంపెనీ మూడో స్థాయిలో పెడుతుంటే, 'సేఫ్టీకి' అని ఓ కన్సల్టెన్సీతో ఒకటో స్థాయిలో ఇంకోటి వేయించుకున్నవారు తమ అవకాశాన్ని తామే మూడో వంతుకు తగ్గించుకున్నట్టు. పాత రోజుల సలహాలు వినేవారు దీన్ని గుర్తుంచుకోవాలి.

ఎల్‌సీఏ సర్టిఫై అయినంత మాత్రాన వీసా వచ్చినట్టు కాదు. కార్మిక శాఖ ఏడు పనిదినాల్లో ఫారం సరిగ్గా నింపారో లేదో చూసి ఇచ్చేస్తుంది. ఒక్కరికే రెండు మూడు ఎల్‌సీఏలు ఉండొచ్చు, ఒక్క ఎల్‌సీఏలో పది మంది ఉండొచ్చు. అందుకే ఫైల్లో దొరికిన కంపెనీని మళ్లీ డేటా హబ్‌లో వేసి చూడాలి. ఎల్‌సీఏలు వందల్లో ఉండి ఆమోదాలు పదుల్లో ఉంటే ఆ తేడా ఎందుకొచ్చిందో అడిగి తెలుసుకోండి.

లాటరీయే వద్దనుకునేవారికి కూడా ఈ ఫైలు దారి చూపిస్తుంది. యూనివర్సిటీలు, వాటికి అనుబంధంగా ఉన్న లాభాపేక్ష లేని సంస్థలు, లాభాపేక్ష లేని పరిశోధన సంస్థలు ఏడాదిలో ఎప్పుడైనా హెచ్-1బీ వెయ్యొచ్చు, కోటా వర్తించదు. పరిశ్రమ కోడ్ 611310 పెట్టి, తేదీ వడపోత తీసేసి చూడండి. రీసెర్చ్ ప్రోగ్రామర్, డేటా ఎనలిస్ట్, డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ ఉద్యోగాలు మనవాళ్లు ఊహించనంతగా కనిపిస్తాయి. జీతం కొంచెం తక్కువ కావచ్చు గానీ మార్చి నెల భయం ఉండదు. ఈ ఫైలుకి ఐదుకి నాలుగున్నర. ఆ సగం పోయింది వాడటంలో ఉన్న కష్టానికి.

ఈ-వెరిఫై సెర్చ్: చిన్నదే, కానీ వదలకూడదు

స్టెమ్ పొడిగింపు కావాలంటే కంపెనీ ఈ-వెరిఫైలో నమోదై ఉండాలి. కంపెనీ పేరు కొడితే ఖాతా తెరిచి ఉందా, ఎప్పుడు చేరింది, ఉద్యోగుల సంఖ్య సుమారుగా ఎంత అన్నవి కనిపిస్తాయి. కనపడలేదని వెంటనే నిరాశ పడొద్దు. మాతృసంస్థ పేరుతో ఉండొచ్చు. చేరడానికి ఫీజు లేదు కాబట్టి చిన్న కంపెనీని అడిగి చేర్పించవచ్చు కూడా. పొడిగింపు కోసం పెట్టే ఐ-765 ఫారంలో ఈ-వెరిఫై కంపెనీ గుర్తింపు నంబరు రాయాలి. ఈ సెర్చ్‌లో అది దొరకదు, హెచ్ఆర్ ఇవ్వాల్సిందే. చివరి వారంలో అడిగి అది రాక కంగారుపడేవారు ఎక్కువ. ఓపీటీ ముగియడానికి 90 రోజుల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు కాబట్టి అప్పుడే అడిగేయండి. స్టెమ్ పొడిగింపుకి కావలసిన ఐ-983 శిక్షణ పత్రం మీద సంతకం పెట్టే సంస్థే నిజంగా జీతం ఇచ్చి, పని నేర్పించి, పర్యవేక్షించాలి. క్లయింట్ దగ్గర ఒంటరిగా పడేసే కన్సల్టెన్సీలకు చిక్కు ఇక్కడే వస్తుంది. ఈ సెర్చ్‌కి ఐదుకి మూడు, ఎందుకంటే ఇది చెప్పేది ఒక్క ముక్కే.

డబ్బు తీసుకునే సేవతో పోలిస్తే

అమీర్‌పేటలో కోర్సు చేసినా, డాలస్‌లో గెస్ట్ హౌస్‌లో దిగినా, కన్సల్టెన్సీ ప్యాకేజీ దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. నాలుగైదు వారాల ట్రైనింగ్, రెజ్యూమె తయారీ, బెంచ్ సేల్స్ వాళ్ల (ప్రాజెక్టు లేని అభ్యర్థుల్ని క్లయింట్లకు చూపించేవారు) మార్కెటింగ్, ప్రాజెక్టు వస్తే క్లయింట్ ఇచ్చే డబ్బులో 80-20 అనో 70-30 అనో వాటా. నిజాయతీగా నడిపే సంస్థలు కూడా ఉన్నాయి. వాటిని గుర్తించడానికి పైన చెప్పిన ఫైలే సాధనం: లేని అనుభవాన్ని రెజ్యూమెలో పెట్టమనరు, జీతం డబ్ల్యూ-2 మీద (అంటే సొంత ఉద్యోగిగా, పన్ను కోసుకుని) ఇస్తారు, గత రెండేళ్ల కొత్త ఎల్‌సీఏలు ఫైల్లో కనిపిస్తాయి.

కాదనాల్సినవి ఇవి. నిరుద్యోగ రోజుల లెక్క ఆపడానికి పని లేకుండానే ఆఫర్ లెటర్ ఇస్తామనడం. మన డబ్బు మనమే ఇచ్చి జీతంలా వెనక్కి తీసుకునే 'రన్ పేరోల్'. ఇంటర్వ్యూలో మీ బదులు ఇంకొకరు మాట్లాడే ప్రాక్సీ. 2020 అక్టోబరులో వలస చట్టాలను అమలు చేసే ఐస్ సంస్థ అధికారులు, అసలు లేని కంపెనీల్లో పని చేస్తున్నట్టు చూపించిన 15 మంది ఓపీటీ విద్యార్థుల్ని అరెస్టు చేశారు, అందులో 11 మంది భారతీయులు. వీసా కోసం అబద్ధం చెప్పినట్టు తేలితే అమెరికాలో అడుగుపెట్టే అర్హతే జీవితాంతం పోవచ్చు. పొలం మీద, ఇంటి మీద అప్పు తెచ్చి పంపిన తల్లిదండ్రులకు ఆ నష్టం ఏ ప్యాకేజీ ఫీజుతోనూ పోల్చదగింది కాదు.

హెచ్-1బీ ఖర్చులు కూడా తెలుసుకుని ఉండాలి. 215 డాలర్ల రిజిస్ట్రేషన్ ఫీజు, పిటిషన్ ఫీజులు, కంపెనీ లాయర్ ఫీజు, అన్నీ యజమాని వ్యాపార ఖర్చులే. ఉద్యోగి జీతంలోంచి కోసుకోవడానికి వీల్లేదు. హెచ్-1బీ మొదలయ్యాక ప్రాజెక్టు లేదని బెంచ్ మీద కూర్చోబెట్టినా ఎల్‌సీఏలో రాసిన జీతం ఇవ్వాలి. ఇవ్వకపోతే కార్మిక శాఖ వేజ్ అండ్ అవర్ విభాగానికి డబ్ల్యూహెచ్-4 ఫారం మీద ఫిర్యాదు చెయ్యొచ్చు.

కొత్త హెచ్-1బీ పిటిషన్ల మీద 2025 సెప్టెంబరు 21 నుంచి వచ్చిన లక్ష డాలర్ల చెల్లింపు గురించి గ్రూపుల్లో సగం సమాచారమే తిరుగుతోంది. అమెరికాలోనే ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉండి, హెచ్-1బీకి స్టేటస్ మార్పు ఆమోదం పొందేవారికి అది వర్తించదని యూఎస్‌సీఐఎస్ అదే ఏడాది అక్టోబరులో స్పష్టం చేసింది. కానీ ఆ మార్పు పెండింగులో ఉండగా దేశం దాటితే స్టేటస్ మార్పు రద్దయి, ఆ భారం మీద పడుతుంది. పెళ్లికో పండక్కో ఇండియా టికెట్ బుక్ చేసేముందు లాయర్‌ని అడగండి.

ఇంటర్వ్యూలో తరచూ వచ్చే రెండు ప్రశ్నలకు కూడా సూటిగా జవాబివ్వాలి. "ఇప్పుడు పని చెయ్యడానికి అనుమతి ఉందా?" అంటే ఉంది. "ఇప్పుడు గానీ, తర్వాత గానీ స్పాన్సర్‌షిప్ కావాలా?" అంటే కావాలి. రెండోదానికి లేదని టిక్ పెట్టి చేరినవారికి, మార్చి వచ్చినప్పుడు అడగడానికి నోరు ఉండదు.

ఆఫర్ చేతికొచ్చాక హెచ్ఆర్‌ని మెయిల్‌లో, మర్యాదగా అడగాల్సినవి నాలుగు: మొదటి మార్చిలోనే రిజిస్టర్ చేస్తారా లేక ఏడాది పని చేశాకా, ఏ వృత్తి కోడ్, ఏ ఊరు, ఏ జీతపు స్థాయి మీద చేస్తారు, ఎంపిక కాకపోతే రెండో మార్చిలో మళ్లీ పెడతారా, ఎంపికైతే ఎల్‌సీఏ కాపీ ఎప్పుడు ఇస్తారు. చివరిది చట్టప్రకారం హెచ్-1బీ మీద పనిలో చేరే రోజుకల్లా ఇవ్వాల్సిందే. నోటిమాటగా "చూద్దాంలెండి" అన్న కంపెనీ పేరును ఆ సాయంత్రమే మూడో త్రైమాసికం ఫైల్లో వెతకండి.